ఎవరింటి దూది

మా ఆయన దూదేకే విల్లు మోగుతుంటే మా గుమ్మం ముందు నుంచి పోయేవాళ్ళెవరైనా ఒకటే మాట అడిగేవాళ్ళు. "ఎవరింటి దూది సాయిబూ?"

అలా అడగడం మర్యాద. ఆయన తలెత్తకుండానే చెప్పేవాడు. "కరణంగారిది, పెళ్ళి పరుపులకి" అనో, "పేట నించి వచ్చింది, వకీలుగారిది" అనో. ఎంత పెద్ద ఇంటి దూదైతే అంత పెద్ద గొంతు. మేము దూదేకులవాళ్ళం. ఊళ్ళో మెత్తటి పరుపులన్నీ మా ఇంట్లో మెత్తబడి పోయినవే. మేం మాత్రం ఈతచాపల మీద పడుకునేవాళ్ళం. అందులో నాకెప్పుడూ వింత కనపడలేదు, అందరిళ్ళకీ వెళ్ళిపోయే దూది మా ఇంట్లో ఎందుకుంటుంది?

స్వరాజ్యం వచ్చిన మరుసటేడు, బడులు తెరిచిన కొత్తల్లో, మా ఖాజా పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చాడు. నేను పత్తిలోంచి గింజ తీస్తున్నాను. రెండు కొయ్య కడ్డీల మధ్య పత్తి దూర్చి పిడి తిప్పితే దూది అవతలికి పోతుంది, గింజ ఇవతల రాలుతుంది. ఆ పని నాది. ఏకడం మా ఆయనది.

"అమ్మా, నాకు పొలం ఇచ్చారే!" అన్నాడు.

"మనకి పొలం ఇచ్చిన మారాజెవర్రా?"

"బళ్ళో. ఈ ఏడు వ్యవసాయం గ్రూపు పెట్టారు. నేను దాంట్లో చేరా. ఫోర్తు ఫారం పిల్లోళ్ళకి తలా పది సెంట్లు. దున్నటం కాడ్నించి పంట తీసేదాకా అంతా మేమే చెయ్యాలంట. పండింది మాకేనంట."

విల్లు ఆగింది. మా ఇంట్లో విల్లు ఆగిందంటే ఆయనకి దాహమైనా వెయ్యాలి, కోపమైనా రావాలి. కుండ వైపు చూడలేదు కాబట్టి కోపమే అనుకున్నాను.

"సెంటు భూమి లేనోడికి సేద్యం చదువెందుకురా?" అన్నాడు మా దస్తగిరి. "నా భుజం పట్టేస్తంది. ఈ ఏడు నీ చేతికి విల్లిద్దామని నేను చూస్తంటే, నువ్వు నాగలి పడతానంటావేంది?"

ఖాజా నిలబడ్డచోటే నిలబడ్డాడు. వాడిది అదో రకం మొండితనం. ఎదురు చెప్పడు, కదలడు. తండ్రిది ఇంకో రకం. గట్టిగా అరిచి, తర్వాత ఆలోచిస్తాడు. ఈ ఇద్దరి మధ్యా పదిహేనేళ్ళు కాపరం చేసిన నాకు ఎంత ఓర్పుందో మీరే లెక్కేసుకోండి.

చివరికి ఆయనే అన్నాడు. "సరే, ఒక్క పంట. పంటంటే పంటలా ఉండాల. నలుగురూ చూసి తలూపాల. అట్టా వస్తే నువ్వెంత చదువుకున్నా నేను నోరెత్తను. రాకపోతే విల్లు భుజానేసుకో, నువ్వు నోరెత్తమాక."

"సరే నాయనా" అన్నాడు వాడు.

నన్నెవరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని. నా కొడుకు చదువుకోవాలి. వాడు పుస్తకం తెరిచి గట్టిగా చదువుతుంటే నాకు అర్థంకాని ఆ మాటలన్నీ నా ఇంటికొచ్చిన చుట్టాల్లాగా ఉండేవి. వాళ్ళని ఎవరైనా గుమ్మంలోంచే పంపేస్తారేమోనని ఆ రోజు నుంచీ నాకు గుండెల్లో గుబులు పట్టుకుంది.

బడి వెనక నల్లరేగడి నేలని ముక్కలు ముక్కలుగా పంచారు. ఒక్కో ముక్క గట్టున ఒక బల్ల పాతి, సున్నంతో పిల్లవాడి పేరు రాశారు. ఖాజా నన్ను లాక్కెళ్ళి చూపించాడు. నాకు చదువు రాదు. అక్షరాల మీద నా వేలు పెట్టించి, "ఇది ఖా, ఇది జా" అని వాడు చెబుతుంటే వేలికి అంటిన సున్నం కూడా తుడుచుకోబుద్ధి కాలేదు. మా వంశంలో ఎవరి పేరూ నేల మీద నిలబడిందని నేను వినలేదు.

వ్యవసాయం మేష్టారి పేరు దేవానందం. బెల్లంకొండ దగ్గర కిరస్తానం రైతుల బిడ్డ. బాపట్లలో చదివొచ్చాడు. ఖాకీ నిక్కరు వేసుకుని మోకాళ్ళ దాకా మట్టితో తిరిగేవాడు. పిల్లలు తప్పు చేస్తే కొట్టేవాడు కాదు, "ఎందుకట్టా అయిందో చెప్పు" అని నిలబెట్టేవాడు. దానికంటే దెబ్బలే నయమని పిల్లలు అనుకునేవాళ్ళు. ఎవరి గింజ వాళ్ళే ఇంటి నుంచి తెచ్చుకోవాలని ఆయన చెప్పాడు.

గింజ అనేసరికి మా ఆయన చెవులు నిక్కబొడుచుకున్నాయి. సేద్యం మీద కోపమే గాని పత్తి మీద కాదుగా. అటకెక్కి, నేను గేదెకి పెడదామని దాచిన గింజల బుట్టలన్నీ దించాడు. ఏ బుట్ట ఏ దూదిదో నాకంటే ఆయనకే బాగా గుర్తు.

"రైతు చెట్టుని చూసి ఇత్తనం ఎంచుతాడు. మనం దూదిని చూసి ఎంచుతాం. ఇదిగో, ఇది గురజాల కాపుగారి చేలో పత్తి. నా చేతి కింద ఇట్టాంటి దూది ఇంకోటి నలగలా" అని ఒక బుట్ట ముందుకు తోశాడు.

దేవానందంగారు ఆ గింజ కొరికి చూసి మెచ్చుకున్నాడట. ఇంటికొచ్చి ఖాజా ఆ మాట చెబితే మా ఆయన మీసం దువ్వుకున్నాడు. అంతా బాగానే ఉంది. మరునాడే వచ్చింది తంటా.

"నాయనా, రేపు ఇత్తనానికి పేడా ఎర్రమట్టీ కలిపి పట్టియ్యాలంట" అన్నాడు ఖాజా.

"దేనికీ?"

"పత్తి గింజకి."

"పేడా? పత్తికి పేడా?"

మా ఇంటి సంగతి తెలియనివాళ్ళకి ఇది నవ్వులాటగా ఉంటుంది. మా ఇంట్లో కాళ్ళు కడుక్కోకుండా దూది ఉన్న గదిలోకి ఎవరూ రారు. చేతికి నూనె ఉంటే రారు. మా వీధి పెద్దది సైదాబీ అత్త చుట్ట కాలుస్తుందని ఆవిణ్ణి కూడా అరుగు మీదే కూర్చోబెట్టేవాడు. మా మామగారి రోజుల్లో ఎవరో తాంబూలం నములుతూ లోపలికొచ్చి తుమ్మాడట. ఆ తుంపర పడ్డ దూదంతా మామగారు తీసి పారేసి, బదులు దూది తెచ్చి పెట్టి, ఆ వచ్చినవాడితో చచ్చేదాకా మాట్లాడలేదట. అలాంటి ఇంట్లో పెరిగిన మనిషి మా ఆయన.

"మన గింజకి పేడ తగిలిందంటే నా గడప తొక్కమాక" అని తేల్చి చెప్పాడు. ఊరికే చెప్పి ఊరుకోలేదు. బుట్ట ముందేసుకుని కూర్చుని, గింజ గింజకీ అంటిన నలకలు గోటితో ఏరి, తెల్లగా మెరిసేలా చేసి ఇచ్చాడు. పెళ్ళికూతురికి కూడా అంత ముస్తాబు చెయ్యరు.

ఖాజా ఆ గింజలే పట్టుకెళ్ళి, "మా ఇంట్లో పేడ పట్టియ్యరండీ" అన్నాడట. దేవానందంగారు కసరలేదు. "గింజ మీద నూగుంటది ఖాజా. నూగు నూగుని పట్టుకుంటది. ఇత్తే గొర్రు గొట్టాల్లోంచి జారదు. పేడ పట్టిస్తే విడివిడిగా పడతయ్. అయినా పొలం నీది, ఇష్టం నీది" అన్నాడట. తండ్రి మాటా, మేష్టారి మాటా రెండు చేతుల్లో పట్టుకుని వాడు తండ్రి వైపే ఒరిగాడు.

విత్తే రోజు కంచె అవతల నిలబడి నేను చూస్తూనే ఉన్నాను. ఎద్దులు గొర్రు లాగుతుంటే, పిల్లవాడు వెనక నడుస్తూ జడ్డిగంలో, అంటే గొర్రు మీది గిన్నెలో, గింజ వదలాలి. అక్కడి నుంచి వెదురు గొట్టాల్లోకి జారి సాళ్ళలో పడుతుంది. మిగతా పిల్లల గింజలు పేడమట్టితో గుండ్రంగా మేకపెంటికల్లా ఉన్నాయి. గలగలా జారిపోయాయి. మావాడి గింజలు తెల్లగా, ఒకదాన్నొకటి కావలించుకుని, గొట్టం నోట్లో కూర్చున్నాయి.

"ఒరేయ్ ఖాజా, నీ గింజలకి దారి చూపించరా, సిగ్గుపడతన్నయ్" అన్నాడు ప్రభాకరరావు. మా ఊళ్ళోకల్లా పెద్ద సేద్యం వాళ్ళది. మంచి పిల్లవాడే గాని నోరు ఊరుకోదు.

ఖాజా చీపురుపుల్ల పెట్టి పొడిచాడు. పొడిస్తే ముద్దగా పడ్డాయి, పొడవకపోతే పడలేదు. చివరి సాలు దాకా వాడు తలెత్తలేదు. నేనూ ఎవరి మొహమూ చూడకుండా ఇంటికొచ్చాను.

వాన పడింది, మొలకలొచ్చాయి. పక్క ముక్కలన్నీ దువ్విన తలల్లా సాళ్ళు తీరాయి. మా ముక్కలో ఇక్కడో గుత్తి, అక్కడో గుత్తి, మధ్యలో ఉత్త నల్లమట్టి. కోమటి కొట్టు దగ్గర ఒకాయన అన్నాడట: "దూదేకుల సాయిబు సేద్యం చూశారా? చేలో కూడా పరుపు కుట్టి కుచ్చులు పెట్టాడు." ఎంత కడుపు మండినా ఆ మాట నిజమే. అచ్చం పరుపులాగే ఉంది.

ఆ మాట మా ఆయన చెవిన పడకుండా ఉంటుందా? ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తిన్నాడు. అరవలేదు. ఆయన అరవకపోతే నాకు భయం.

మరునాడు పొద్దున్నే ఖాజా లేచి పుస్తకాలన్నీ గూట్లో సర్దాడు. వాటి మీద తువ్వాలు కప్పాడు. వాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. కొయ్యకి తగిలించిన విల్లు దించి, దూది ముందు కూర్చుని, కొట్టడం మొదలుపెట్టాడు. వాడి దెబ్బకి నారి పలకలేదు, మూలిగింది. నేను పెరట్లో గేదె దగ్గర ఉన్నాను. ఒక్కో దెబ్బా నా గుండె మీదే పడ్డట్టుంది. ఏడుపొచ్చింది. ఇచ్చిన మాట నిలబెట్టుకుంటున్న బిడ్డని వద్దని ఏ నోటితో అంటాను? ఆ పౌరుషం చూసి ఏడవాలో మురవాలో కూడా తెలియలేదు.

మా ఆయన నమాజు ముగించుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కాసేపు విన్నాడు. లోపలికెళ్ళి వాడి చేతిలోంచి విల్లు తీసుకుని మళ్ళీ కొయ్యకి తగిలించాడు.

"నారి తెగుద్ది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఏమే, ఆ గింజలు ఇంకా మిగిలినయ్యా?" అని అడిగాడు.

"ఉన్నయ్."

"బుట్ట తీసుకుని రా."

  ముగ్గురం ఒకరి వెనక ఒకరం బడి వైపు నడిచాం. దారిలో ఎవరో "పనికా సాయిబూ?" అంటే, "ఊఁ, పనికే" అన్నాడు.

దేవానందంగారు మా ముక్క చుట్టూ తిరిగి చూశాడు. మొలిచినవి ఉన్నాయి కాబట్టి మళ్ళీ గొర్రు తోలడానికి లేదన్నాడు. గుత్తుల్లో బలమైన మొలక ఒకటి ఉంచి మిగతావి పీకెయ్యాలి, ఖాళీల్లో చేత్తో గింజలు పెట్టాలి, అదీ పదును ఆరకముందే. "చానా ఓపిక కావాల సాయిబుగారూ. రైతులు ఇంత చెయ్యరు. దున్నేసి జొన్న చల్లుకుంటారు" అన్నాడు.

"ఓపికదేముంది" అన్నాడు మా ఆయన. "పేడ యాడుంది?"

మేష్టారు నవ్వు ఆపుకున్నాడు. "చేత్తో పెట్టే గింజకి పేడ అంత అవసరం లేదులే."

"మిగతా పిల్లోళ్ళ గింజకి పట్టిచ్చారు గదా. మావాడి గింజకీ పట్టిస్తా."

చొక్కా చేతులు పైకి మడుచుకుని, తొట్టి ముందు గొంతుక్కూర్చుని, పేడలో చేతులు పెట్టాడు. దూది మీద చెమట చుక్క పడనివ్వని చేతులవి. ఆ చేతులతో పేడా మట్టీ పిసికి, గింజలు దొర్లించి, ఒక్కోటీ విడిగా రాలేదాకా రుద్దాడు. తప్పు నాదని ఆయన అనలేదు. అనాల్సిన పని కూడా లేకుండా పోయింది. నా కళ్ళు నిండిపోయాయి. ఆ మనిషి మీద పదిహేనేళ్ళుగా పోగేసుకున్న కోపాలు సగం అక్కడే కరిగిపోయాయి. మిగతా సగం తర్వాత పనికొస్తాయని దాచుకున్నాను.

"ఏమే, చూస్తావేంది? నీళ్ళు పొయ్యి" అన్నాడు.

మధ్యాహ్నానికి సైదాబీ అత్త మా వీధి ఆడవాళ్ళని వెంటేసుకుని దిగింది. ఆ రోజుల్లోనే కృష్ణ అవతల నైజాంలో గొడవలు ముదిరి, సాయిబులని అనుమానంగా చూస్తారని ఏటి ఒడ్డు ఊళ్ళకి పనికి పోవడానికి మా మగవాళ్ళు జంకుతున్నారు. విళ్ళన్నీ కొయ్యలకే వేలాడుతున్నాయి. ఇళ్ళల్లో కూర్చుని దిగులుపడే కంటే ఇది నయమని మగవాళ్ళూ కొందరు వచ్చారు. అత్త కంచె దగ్గర ఆగి, నోట్లో చుట్ట తీసి, ఆర్పి అవతల పారేసింది. "పత్తి దగ్గరికి చుట్టతో వస్తే వీడు నన్ను బతకనిస్తాడా?" అంది.

అందరం వరసగా కూర్చుని ముందుకు జరుగుతూ పోయాం. దూదిలో నలక ఏరే వేళ్ళకి గుత్తిలో మొలక ఏరడం ఒక పనా? పక్క వేరు కదలకుండా పీకాం, వేలితో గుంట పెట్టి గింజ వేశాం, మట్టి కప్పాం. బాట మీద పోతున్న రైతొకడు ఎద్దుల్ని ఆపి మరీ, "ఏంది సైదాబీ, చేలో పరుపు కుడతన్నారా?" అన్నాడు.

"అవునయ్యా. కుట్టిందాకా ఆగు, పడుకుందువుగాని" అంది అత్త తల తిప్పకుండా.

అతను నవ్వి ఎద్దుల్ని అదిలించాడు. ఆ నవ్వులో ముందటి వెటకారం లేదు, లేదా నాకలా అనిపించింది.

చలి ముదిరేసరికి చేను నిండింది. చేత్తో పెట్టిన మొక్కలకి చోటెక్కువ దొరికిందేమో, గుబురుగా పెరిగాయి. వెనక మొలిచినవి వెనకే పూశాయి గాని పూయడం మానలేదు. ఖాజా బడి వదలగానే చేలో, చేలో నుంచి ఇంటికి, ఇంట్లో కూడా చేను కబుర్లే. పురుగొస్తే ఏం చెయ్యాలి, ఆకు ఎర్రబడితే ఎందుకు. చదువులో కూడా ముందుకొచ్చాడని దేవానందంగారు చెప్పాడు. మా ఆయన ఏమీ పట్టనట్టే ఉండేవాడు. కాకపోతే ఊళ్ళో ఏ మూలకి పనికి పోయినా, వచ్చేటప్పుడు బడి వెనక బాట మీదుగానే వచ్చేవాడు. తూర్పు వీధికి పోయి పడమటి బాట మీద వచ్చే మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

ఒకరోజు నేను అన్నం పట్టుకెళ్ళేసరికి తండ్రీ కొడుకులిద్దరూ పేరు బల్ల ముందు నిలబడి ఉన్నారు.

"ఏం రాసిందిరా దాని మీద?" అంటున్నాడు ఆయన.

"నా పేరు నాయనా. ఖాజా మొహిద్దీన్, ఫోర్తు ఫారం."

"మళ్ళా చదువు."

వాడు మళ్ళీ చదివాడు. నేను చెట్టు చాటున ఆగిపోయాను. అన్నం చల్లారిపోయినా ఫరవాలేదనుకున్నాను.

కాయలు పగిలాయి. ఇక తీత మొదలయ్యేసరికి మా దస్తగిరి అసలు రూపం బయటపడింది. ఎండెక్కాక ఒక్క కాయ ముట్టుకోనివ్వలేదు. "పొద్దున మంచుకి ఆకు మెత్తగా ఉంటది. ఎండకి పొడై దూదిలో కలిసిపోద్ది. ఆ పొడి ఏరలేక నా కళ్ళు పోయినయ్. నా కొడుకు చేలో దూదికి ఆ రాత వద్దు" అన్నాడు. చలిలో చేతులు కొంకర్లు పోతున్నా పొద్దున్నే వెళ్ళి, కాయలోంచి పత్తిని వేలికొసలతో మాత్రమే లాగి, నీడన బట్ట మీద ఆరబెట్టేవాళ్ళం. పక్క ముక్కల్లో పిల్లలు గుప్పిళ్ళతో దూసి గోతాల్లో కుక్కి ఇళ్ళకి పోయేవాళ్ళు. "దూది తీస్తన్నారా, మల్లెపూలు కోస్తన్నారా అత్తా?" అనేవాడు ప్రభాకరరావు నాతో. "నీ పెళ్ళి పరుపుకి రా అబ్బాయ్" అనేదాన్ని.

తీత అయ్యాక గుంటూరు నుంచి వ్యవసాయం ఆఫీసరు వచ్చాడు. బడి వరండాలో ఎవరి పంట వాళ్ళు కుప్ప పోశారు. తల్లిదండ్రులందరూ వరండా ముందు చేరారు. మేము వెనక వరసలో, కంచె పక్కన నిలబడ్డాం. ప్రభాకరరావు కుప్ప అందరికంటే పెద్దది. మొదటి బహుమతి వాడికిచ్చారు, అది న్యాయమే. మావాడి కుప్ప మరీ చిన్నది కాదు, పెద్దదీ కాదు. నా పక్కన మా ఆయన మునివేళ్ళ మీద లేచి చూస్తున్నాడు.  నలుగురూ చూసి తలూపాలి అన్నాడు కదా ఆనాడు. అదే మాట నా చెవుల్లో తిరుగుతోంది.

ఆఫీసరు మావాడి కుప్ప దాటి ఒక అడుగు వేశాడు. ఆగాడు. వెనక్కొచ్చాడు. కుప్పలోకి మోచెయ్యి దాకా చెయ్యి దూర్చి, లోపలి నుంచి పత్తి తీసి, వెలుతురుకి పట్టి చూశాడు. ఇంకో చోట తీశాడు. తెల్ల చొక్కా చెయ్యి దులుపుకోబోయి చూసుకున్నాడు. దులపడానికి ఏమీ అంటలేదు.

"దీంట్లో ఆకు ముక్క లేదే! ఎవరిదిది?" అన్నాడు.

ఖాజా చెయ్యెత్తాడు. దేవానందంగారు ఆయన చెవిలో ఏదో చెప్పాడు. మొలకల సంగతీ, గుత్తుల సంగతీ, ఆడవాళ్ళ సంగతీ అయ్యుంటుంది. ఆఫీసరు వింటూ వింటూ ఇంకో గుప్పెడు తీశాడు.

"గింజ తియ్యడానికి మిల్లుకి పంపితే పది రకాల గింజలు కలిసిపోయి వస్తయ్. ఇది మాత్రం కలవకూడదు. వచ్చే ఏడు ఈ బళ్ళో పిల్లలందరికీ ఇత్తనం ఈ కుప్పలోదే ఇవ్వండి" అన్నాడు. "కానీ గింజ చేత్తో తియ్యాలి. ఈ రోజుల్లో చేత్తో ఎవరు తీస్తారయ్యా?"

"మా అమ్మ తీస్తదండీ" అన్నాడు ఖాజా. గట్టిగా అన్నాడు.

వరండా అంతా వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆఫీసరు చూశాడు, కాపులు చూశారు, కరణంగారు చూశాడు. అంతమంది ఒక్కసారి నన్ను చూడటం నా పెళ్ళిలో కూడా జరగలేదు. కొంగు సర్దుకున్నాను. నా జన్మలో అంత గర్వపడ్డ క్షణం ఇంకోటి లేదు, దాచుకోవడమెందుకు? ముందు వరసలో ప్రభాకరరావు, "ఒరేయ్, వచ్చే ఏడు మా చేలో కూడా నీ గింజేరా!" అని అరిచాడు. వాళ్ళ నాన్న పక్కనే నిలబడి తలూపాడు. ఆయన పక్కనాయనా ఊపాడు.

నేను మా ఆయన్ని మోచేత్తో పొడిచాను. "ఏమయ్యా, తలలూపారా?"

"ఊపార్లే" అన్నాడు. తలగుడ్డ తీసి దులిపి మళ్ళీ చుట్టుకున్నాడు. దాని కొసతో కళ్ళు ఒత్తుకున్నది నేను చూడలేదనుకున్నాడు.

మా కుప్ప ఇంటికొచ్చింది. గింజ బడికి, దూది మాకు. పిడి తిప్పీ తిప్పీ నా అరచేతులు కాయలు కాశాయి. అయినా ఒక్క గింజ నలిగితే ఒట్టు. గింజల బుట్ట ఖాజా నెత్తికెత్తుకుని బడికి బయల్దేరుతుంటే, మా ఆయన లోపలి నుంచి కేకేశాడు. "ఒరేయ్, మీ మేష్టారితో చెప్పు. ఇత్తేటప్పుడు పేడ పట్టియ్యటం మర్చిపోమాకండని."

నేను నవ్వలేక చచ్చాను. ఖాజా మాత్రం "అట్టాగే నాయనా" అని వినయంగా తలూపి వెళ్ళాడు. వాడికి ఆ బుద్ధి నా పోలికే.

మరునాడు పొద్దున ఆయన గది ఊడిపించి, తడిగుడ్డతో తుడిపించి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, మా దూది ముందు విల్లు పట్టుకుని కూర్చున్నాడు. మొదటి దెబ్బకే నారి ఖంగుమంది. దూది లేచి, మంచులాగా పైకెగిరి, మెల్లగా దిగింది. భుజం నొప్పి అని చెప్పే మనిషి ఆగకుండా కొట్టాడు. ఖాజా గుమ్మంలో చెప్పులు విడిచి, చొక్కా చేతులు మడుచుకుని, "నేను కాసేపు పట్టేదా నాయనా?" అంటూ విల్లు మీద చెయ్యి వేశాడు.

ఆయన ఆ చెయ్యి తీసేశాడు. "నీకీడ పనేంది? బడి గంట కొట్టలా?"

వాడు నా వైపు చూశాడు. నేను గూట్లోంచి పుస్తకాలు తీసి వాడి చేతిలో పెట్టాను.  వాడు గుమ్మం దాటి పరుగెత్తుతుంటే మళ్ళీ విల్లు మోగింది.

అప్పుడే అరుగు ముందు నుంచి పోతూ సైదాబీ అత్త, రోజూ అడిగినట్టే అడిగింది. "ఎవరింటి దూదిరా దస్తగిరీ?"

విల్లు ఆగింది. కరణంగారి పేరు చెప్పినప్పుడూ, వకీలుగారి పేరు చెప్పినప్పుడూ ఎత్తని తల ఆయన ఎత్తాడు.

"మా ఇంటిదత్తా" అన్నాడు. "మా ఖాజా చేలోది."

అత్త నోట్లోంచి చుట్ట తీసి పారేసి, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళడిగింది. నేను చెంబు తెచ్చిచ్చాను. ఆవిడ లోపలికొచ్చి దూది పక్కనే కూర్చుంది.